గురువు 5, లఘువు 2.5: ఛందస్సు బిళ్ళల పెట్టె తయారీ డైరీ

ఛందస్సును చేత్తో పట్టుకుని నేర్చుకునే పెట్టె ఒకటి కడపలో చేస్తున్నాం. ఆదివారం పూట నడిచే సాహిత్యం తరగతి కోసం. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పదహారు మంది పిల్లలు, నలుగురు చొప్పున నాలుగు జట్లు. వేరే ఊళ్ళలో తెలుగు చెప్పేవాళ్ళు ఇదే పని చేయాలనుకుంటే మా కొలతలు తీసుకోవచ్చు, మేం పక్కన పడేసిన వాటి మీద డబ్బు పెట్టకుండా ఉండొచ్చు. అందుకే కుదరనివాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

పని వెనకున్న లెక్క చిన్నది. లఘువు పొట్టిగా పలికే అక్షరం, గురువు బరువుగా పలికేది. పలకడానికి పట్టే కాలాన్ని మాత్రల్లో కొలుస్తారు: లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. లఘువు బిళ్ళ ఎంత పొడుగుంటే గురువు బిళ్ళ సరిగ్గా దానికి రెట్టింపు ఉండాలి. పద్యాన్ని బిళ్ళలుగా పేర్చితే పాదం పొడవు కంటికి కనబడాలి, స్కేలుతో కొలవగలగాలి. లఘువుకు 2.5 సెంటీమీటర్లు, గురువుకు 5 సెంటీమీటర్లు అనుకున్నాం.

ఒక నియమం మొదటి నుంచీ పెట్టుకున్నాం. పద్యం గొంతెత్తి పాడి, అర్థం మాట్లాడుకున్నాకే బిళ్ళలు బయటికి తీయాలి. గణవిభజన, అంటే పాదాన్ని గణాలుగా (గురులఘువుల గుంపులుగా) విడగొట్టడం, పరీక్షలో మార్కుల కోసం చేసే లెక్కగా మిగిలిపోవడం చూస్తే నాకు బాధ. ఈ పిల్లలు పద్యం వినగానే ఇంకోటి చెప్పమని అడిగే రకం. అలాంటి వాళ్ళ ముందు పద్యాన్ని లెక్కతో మొదలుపెట్టకూడదు.

దశ 1: శుభలేఖల ముక్కలు

అట్ట కోసం పాత పెళ్ళి శుభలేఖలు తెమ్మన్నాం. ప్రతి ఇంట్లో ఉంటాయి, ఖర్చు లేదు. సంచుల నిండా తెచ్చారు.

1. వెనక వైపు పెన్సిలుతో గీతలు గీసి కత్తెరతో కత్తిరించాం.
2. పల్చటి కార్డులను రెండేసి కలిపి గమ్‌తో అతికించాం.
3. గురువుల మీద U, లఘువుల మీద I గుర్తు వేశాం.

తీసుకున్న పద్యం వేమనది.

ఉప్పుకప్పురంబు నొక్కపోలికనుండు
చూడచూడ రుచుల జాడవేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినురవేమ

రెండో పాదం పేర్చేలోపే ఫ్యాను గాలికి మొదటి పాదం ఎగిరిపోయింది. కడపలో ఎండాకాలం ఫ్యాను ఆపి పాఠం చెప్పడం అయ్యే పని కాదు. పైగా గమ్ పెట్టిన కార్డులు ఆరాక పడవల్లా వంగాయి. వంగిన బిళ్ళను పక్క బిళ్ళకు ఆనించి కొలిస్తే కొలత రాదు.

మారింది: అట్ట బరువుగా, ఒకే మందంలో ఉండాలి.

మొత్తం ఇప్పటికి: ఖర్చు 45 రూపాయలు (గమ్). పనికొచ్చే బిళ్ళలు సున్నా. కంఠతా వచ్చిన పద్యాలు 3.

దశ 2: మిల్లుబోర్డు, గదుల ట్రే

పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్ళు వాడే మిల్లుబోర్డు, 2 మిల్లీమీటర్ల మందం, రెండు షీట్లు కొన్నాం. గాలికి కదల్లేదు. రెండు ఇబ్బందులు మాత్రం వచ్చాయి, రెండోది చాలా పెద్దది.

మొదటిది కొలత. గీత గీసి కట్టర్‌తో కోస్తే గీత మందం, చేతి వణుకు కలిసి ఒక్కో బిళ్ళ సుమారు ఒక మిల్లీమీటరు ఎక్కువ వచ్చింది. ఒక బిళ్ళలో తెలీదు. "చూడచూడ రుచుల జాడవేరు" పాదంలో పదకొండు అక్షరాలు. పదిహేను మాత్రలకు 37.5 సెంటీమీటర్లు రావాలి, 38.6 వచ్చింది. రెండు లఘువులు ఒక గురువు కంటే పొడుగయ్యాయి. ఛందస్సులో అలా కుదరదు.

రెండోది ట్రే. వేమన పద్యం ఆటవెలది అనే ఛందస్సులోది. దాని మొదటి, మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉంటాయి. సూర్యగణం న గణమైనా (III), హ గణమైనా (UI) మూడు మాత్రలే. కాబట్టి 7.5 సెంటీమీటర్ల గదులు మూడు, వాటి పక్కన ఇంద్రగణాలకు 12.5 సెంటీమీటర్ల గదులు రెండు, మొత్తం 47.5 సెంటీమీటర్ల ట్రే కట్టాం. మొదటి పాదం చక్కగా కూర్చుంది.

ఉప్పు | కప్పు | రంబు | నొక్కపో | లికనుండు

మూడో పాదం దగ్గర ఆగిపోయింది. పురుషు | లందు | పుణ్య | పురుషులు | వేరయా. నాలుగో గణం "పురుషులు" నాలుగు లఘువులు, నల గణం, 10 సెంటీమీటర్లే. గదిలో 2.5 సెంటీమీటర్ల ఖాళీ మిగిలింది.

"సార్, ఈడ ఒక అక్షరం తగ్గింది" అంది ఒక జట్టు. ఇంకో జట్టు అడక్కుండానే ఖాళీలో ఒక లఘువు పెట్టి "పురుషులూ" అని పాడేసింది. ఇంకొకరు పుస్తకంలోనే అచ్చుతప్పు ఉందన్నారు. పద్యంలో ఏమీ తగ్గలేదు. ఇంద్రగణాలు ఆరు: నల, నగ, సల, భ, ర, త. వీటిలో నల, భ గణాలకు నాలుగు మాత్రలు. నగ, సల, ర, త గణాలకు ఐదు. కవికి ఆ వెసులుబాటు ఉంది. మా ట్రేకు లేదు.

ఆ రోజు మిగతా సమయమంతా దీని మీదే పోయింది, అది నాకు చాలా నచ్చింది. ఆటవెలది ఒకటో పాదం ఎంత పొడుగుండొచ్చో పిల్లలే లెక్క కట్టారు. తొమ్మిది మాత్రలు కదలవు. మిగతా రెండు గణాలు కలిసి ఎనిమిది, తొమ్మిది, పది కావచ్చు. అంటే 42.5 నుంచి 47.5 సెంటీమీటర్ల దాకా. రెండో, నాలుగో పాదాలు మాత్రం ఐదూ సూర్యగణాలే, ఎప్పుడూ 37.5. పొడుగు పాదం, వెంటనే పొట్టి పాదం. పొడుగు పాదం కూడా కొంచెం అటూ ఇటూ సాగుతుంది. వేమన పద్యం మాట్లాడినట్టు ఎందుకుంటుందో పిల్లలకు నేను వివరించక్కర్లేకపోయింది.

మార్చినవి:

1. గదులు పీకేశాం. కింద ఒక సన్నటి అంచు మాత్రమే, దానికి ఆనించి బిళ్ళలు పేర్చాలి. కుడి వైపు తెరిచి ఉంటుంది.
2. గణాల మధ్య ఐస్‌క్రీం పుల్లలు నిలబెట్టి చూశాం. ఒక్కోటి 2 మిల్లీమీటర్లు తినేసింది, నాలుగు పుల్లలకు 8. తీసేశాం.
3. గణం ముగిసిన బిళ్ళ మీద బొట్టుబిళ్ళ అతికించడం ఆడపిల్లల ఆలోచన. కొలత చెడదు, మళ్ళీ పీకి వాడుకోవచ్చు. ఇప్పటికీ అదే వాడుతున్నాం.

ఇదే పద్యంలో ఇంకో సంగతి. పాదం మొదటి అక్షరంతో అదే పాదంలో నియమించిన చోట ఉన్న అక్షరం శబ్దంలో కలవడం యతి. అది చూడమంటే మొదటి పాదంలో ఉ, నొ (లోపల ఉన్నది ఒ) పట్టుకున్నారు. మూడులో పు, పు. నాలుగులో వి, వి. రెండులో చూ, జా దగ్గర తగువొచ్చింది. చ, జ కలుస్తాయి గానీ ఊ, ఆ కలవవు. అప్పుడు తొమ్మిదో తరగతి పిల్ల "చూడ, జాడ. డ, డ" అంది. యతి బదులు ఇలా వాటి తర్వాతి అక్షరాలు కలవడం ప్రాసయతి. ఆ మాట ఆ తరగతిలో అప్పటిదాకా ఎవరూ పలకలేదు. చెవితో పట్టుకుంది. పేరు తర్వాత చెప్పాను.

మొత్తం ఇప్పటికి: ఖర్చు 265 రూపాయలు (మిల్లుబోర్డు 160, కట్టర్ 60 కలిపి). గణవిభజన అయిన పద్యాలు 7, అన్నీ ఆటవెలదులే.

దశ 3: చెక్క

నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, ఒక సెంటీమీటరు మందం ఉన్న చెక్క బద్దలు 12 మీటర్లు కొన్నాం. జట్టుకు 25 గురువులు, 45 లఘువులు. నాలుగు జట్లకు 100 గురువులు, 180 లఘువులు.

కాగితం మీద లెక్క: గురువులకు 500 సెంటీమీటర్లు, లఘువులకు 450, మొత్తం 9.5 మీటర్లు. రంపం తినే చెక్క ఇందులో లేదు. వడ్రంగి రంపం కోతకు 2.5 మిల్లీమీటర్లు తింటుంది. మీటరు బద్దలో 40 లఘువులు వస్తాయనుకుంటే 36 వచ్చాయి. 280 కోతలకు 70 సెంటీమీటర్లు పొట్టుగా పోయింది. 12 మీటర్లు తీసుకోవడం వల్ల సరిపోయింది.

కోసిన పద్ధతి:

1. బిళ్ళ బిళ్ళకూ గీత గీయొద్దు. రంపం నుంచి 2.5 సెంటీమీటర్ల దూరంలో ఒక చెక్కముక్క అడ్డం బిగించి, బద్దను దానికి తాకించి కోయాలి. అన్నీ ఒకే కొలతలో వస్తాయి.
2. లఘువులన్నీ ముందు కోయాలి. రెండు లఘువులు పక్కపక్కన పెట్టి, ఆ పొడవుకు అడ్డాన్ని జరిపి గురువులు కోయాలి. స్కేలు చూసి 5 అని పెట్టొద్దు.
3. అంచులకు గరుకు కాగితం ఒక్కసారి తగిలిస్తే చాలు. ఎక్కువ రుద్దితే కొలత పోతుంది.

పరీక్ష: పన్నెండు లఘువులు వరసగా పెట్టి కొలిస్తే 30.0 సెంటీమీటర్లు. ఆరు గురువులు పెట్టినా అంతే.

మొత్తం ఇప్పటికి: ఖర్చు 1,075 రూపాయలు (బద్దలు 480, కోత కూలి 300, గరుకు కాగితం 30 కలిపి). బిళ్ళలు 280.

దశ 4: రాసి చెరిపే ముఖం

బిళ్ళ మీద అక్షరం రాయాలి, పద్యం మారితే చెరపాలి. నల్లబల్లకు వేసే పెయింట్ రెండు పూతలు వేశాం. సుద్దముక్కతో రాస్తే రెండున్నర సెంటీమీటర్లలో "జ్ఝ" పట్టలేదు. బలపంతో రాస్తే పెయింట్ గీరుకుపోయింది. పెయింట్ గోకేసి, వైట్‌బోర్డు స్టిక్కర్ షీటు కత్తిరించి అతికించాం. సన్నటి మార్కర్, పాత గుడ్డముక్క. ఇది కుదిరింది. పెయింట్ డబ్బు దండగ, మీరు నేరుగా స్టిక్కర్‌కే వెళ్ళండి.

మొత్తం ఇప్పటికి: ఖర్చు 1,635 రూపాయలు (పెయింట్ 180, స్టిక్కర్, మార్కర్లు 380 కలిపి).

దశ 5: కందం, స్కూలు స్కేలు

అక్కరకు రాని చుట్టము
మ్రొక్కిన వరమీని వేల్పు మోహరమున దా
నెక్కిన బారని గుర్రము
గ్రక్కున విడువంగ వలయు గదరా సుమతీ

అర్థం దగ్గరే చాలాసేపు కూర్చున్నాం. మోహరం అంటే యుద్ధం అని చెప్పగానే గుర్రం ఎందుకు పారాలో, అంటే పరుగెత్తాలో అర్థమైంది. వరమివ్వని వేలుపును వదిలేయడం ఏంటని ఒకరు, ఇవ్వాల్సింది వరమా, ధైర్యమా అని ఇంకొకరు. ఒక అబ్బాయి "చుట్టం అక్కరకు రాకపోతే వదిలేస్తే, రేపు మనం వాళ్ళ అక్కరకు పోకపోతే?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వకుండా వదిలేశాను. వాళ్ళలో వాళ్ళు ఇంకా వాదించుకుంటున్నారు.

తర్వాత బిళ్ళలు. ఈ పద్యం కందం. కందంలో వాడే గణాలు గగ, భ, జ, స, నల. అన్నీ నాలుగు మాత్రలే. ఒకటి, మూడు పాదాల్లో మూడేసి గణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదేసి. ఇది నేను ముందు చెప్పలేదు.

అక్కర | కురాని | చుట్టము

మొదటి పాదం పేర్చి ఒక పాప తన డబ్బాలోని స్కేలు పక్కన పెట్టింది. ఆ చివర నుంచి ఈ చివరకి సరిగ్గా సరిపోయింది, 30 సెంటీమీటర్లు. మూడో పాదం పెట్టింది, అంతే. వేరే జట్లకు ఇంకో మూడు కందాలు ఇచ్చి చూడమన్నాను. ప్రతి దాంట్లో ఒకటి, మూడు పాదాలు స్కేలంత, రెండు, నాలుగు పాదాలు 50 సెంటీమీటర్లు. ఆటవెలదిలో అటూ ఇటూ సాగిన పొడవు ఇక్కడ ఒక్క పిసరు కదల్లేదు. ఇక స్కేలు పట్టుకుని పుస్తకంలో కందాలు వెతకడం మొదలుపెట్టారు. బెల్లు కొట్టే తరగతి కాదు కాబట్టి ఆపాల్సిన పని నాకు లేదు. చెప్పేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

ఒక చిక్కు ఇక్కడే బయటపడింది, వివరంగా రాస్తాను, ఎందుకంటే ఏడో దశలో మళ్ళీ వస్తుంది. "చుట్టము" చివరి ము తర్వాత "మ్రొ" ఉంది. సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువవుతుందని పిల్లలకు తెలుసు. మరి ము గురువా? గురువైతే పాదం 32.5 సెంటీమీటర్లు, కందం కాదు. చుట్టము, మ్రొక్కిన రెండూ వేర్వేరు తెలుగు మాటలు. వేరు మాటలైనప్పుడు వెనకటి అక్షరం గురువు కాదు, లఘువుగానే ఉంటుంది. ఒకే మాటలోనో, ఒకే సమాసంలోనో అయితే గురువవుతుంది. చెప్పాను, రాసుకున్నారు. రాసుకున్నంత మాత్రాన నమ్మినట్టు కాదు, అది తర్వాత తెలిసింది.

గణవిభజన అయిన పద్యాలు: 16 (ఆటవెలది 9, కందం 7). కొత్త ఖర్చు లేదు.

దశ 6: బిల్లు రోలు

ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి పిల్లల్ని తీసుకెళ్ళాం. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, పండితులను పెట్టుకుని తెలుగు ప్రతులు సేకరించి పరిష్కరించే పని సాగించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు. ఆయన ఉన్న చోటనే ఈ గ్రంథాలయం లేచింది. మేం బిళ్ళలతో పేర్చిన వేమన ఈ ఊరి చేతుల మీదుగా అచ్చుకు వెళ్ళాడని పిల్లలకు అక్కడ నిలబడి చెప్పడం వేరు, తరగతిలో చెప్పడం వేరు.

తాటాకు ప్రతుల్లో పద్యం పాదాలుగా విరిచి ఉండదు, మాటల మధ్య ఖాళీ ఉండదు, ఆకు చివరిదాకా వరసగా సాగుతుంది. "అట్లయితే పాదం యాడ అయిపోతుందో చదివేవాళ్ళకు ఎట్ల తెలిసేది సార్?" అన్నారు. ఆ ప్రశ్నతోనే ఈ దశ పుట్టింది.

దుకాణాల్లో బిల్లు వచ్చే మిషన్ కాగితం రోలు కొన్నాం, వెడల్పు 57 మిల్లీమీటర్లు. మీరు చేయాలంటే:

1. పెన్సిలుతో రోలు పొడవునా 2.5 సెంటీమీటర్లకు ఒక చుక్క పెట్టండి.
2. పద్యాన్ని విరవకుండా, లఘువుకు ఒక చుక్క, గురువుకు రెండు చుక్కల చోటు ఇస్తూ రాయండి. పాదం ఎక్కడ ముగిసిందో గుర్తు వేయొద్దు.
3. పిల్లలకు రోలు ఇచ్చి, పాడుతూ పాదాలు ఎక్కడ విరుగుతాయో మడవమనండి.

గజేంద్రమోక్షంలో పోతన పద్యం "ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపలనుండు లీనమై" ఇచ్చాను. ఒంటిమిట్ట వైపు నుంచి వచ్చే పిల్లలకు పోతన సొంత మనిషి, వాళ్ళే ముందు రోలు లాక్కున్నారు. పద్యం ఉత్పలమాల, గణాలు వరసగా భ ర న భ భ ర వ. 20 అక్షరాలు, 28 మాత్రలు, 70 సెంటీమీటర్లు. నాలుగు పాదాలకు 2.8 మీటర్ల కాగితం.

మొదటిసారి మడతలు తప్పు చోట పడ్డాయి. "మూలకారణం బెవ్వడు" దగ్గర మాట ముగిసిన చోట మడిచారు. మాట ముగియడం, పాదం ముగియడం ఒకటి కాదు. విప్పి మళ్ళీ పాడారు. ఈసారి 70 దగ్గర మడిచి, మడతల్ని ఒకదాని మీద ఒకటి పేర్చితే ప్రతి పాదం రెండో అక్షరం "వ్వ" కిందా పైనా ఒకే నిలువులో పడింది. ప్రాస అంటే రెండో అక్షరం అని వీళ్ళంతా ఎప్పుడో చదివినవాళ్ళే. ఆ నిలువు వరస చూసి మాత్రం కేకలు పెట్టారు.

మొత్తం ఇప్పటికి: ఖర్చు 1,670 రూపాయలు (రోలు 35 కలిపి).

దశ 7: రెండున్నర సెంటీమీటర్లు తగ్గిన పాదం

కడప జిల్లా కమలాపురం దగ్గర కోకటం ఉంది. రాయలు తనకిచ్చిన అగ్రహారాల్లో కోకటం పేరు మనుచరిత్ర రాసిన పెద్దన స్వయంగా చెప్పుకున్నాడు. కాబట్టి తర్వాతి పద్యం మనుచరిత్రలోదే కావాలన్నారు. ప్రవరుడు హిమాలయం చూసే చోటు.

అటజని కాంచె భూమిసురు డంబరచుంబి శిరస్సరజ్ఝరీ
పటల ముహుర్ముహుర్లుఠ దభంగ తరంగ మృదంగ నిస్వన
స్ఫుట నటనానుకూల పరిఫుల్ల కలాప కలాపి జాలమున్
గటక చరత్కరేణు కర కంపిత సాలము శీతశైలమున్

చంపకమాల: న జ భ జ జ జ ర. 21 అక్షరాలు. మా కిట్టులో ఒక జట్టు బిళ్ళలు మొత్తం పద్యానికి చాలవు, కాబట్టి రెండేసి జట్లు కలిశాయి. మొదటి పాదం 70 సెంటీమీటర్లు. "ఉత్పలమాల కూడా 70 కదా" అని ఎవరో అన్నారు. రెండింటినీ పక్కపక్కన పేర్చారు. ఉత్పలమాల మొదటి గురువు తీసి దాని చోట రెండు లఘువులు పెడితే చంపకమాల అయిపోయింది. మిగతా ఒక్క బిళ్ళ కూడా కదపలేదు. ఆ ఊపులోనే శార్దూలానికి అదే చేశారు, మత్తేభం వచ్చింది. రెండూ 30 మాత్రలు, 75 సెంటీమీటర్లు. ఈ నాలుగు వృత్తాల (గణాల వరస మారని పద్యాల) గణాలు బట్టీ పట్టాల్సినవాళ్ళు ఇప్పుడు రెండు పట్టుకుంటే చాలు. ఈ సంబంధం పండితులకు కొత్త కాదు. తమ చేత్తో కనుక్కున్న పిల్లలకు మాత్రం అది వాళ్ళదే.

అసలు సంగతి రెండో పాదం. రెండు జట్లకూ 67.5 వచ్చింది. 2.5 సెంటీమీటర్లు తక్కువ, అంటే ఒక మాత్ర.

వాళ్ళు వెతికిన వరస:

1. బిళ్ళల కొలత. పన్నెండు లఘువులు పెట్టి చూశారు, 30.0. బిళ్ళల్లో తేడా లేదు.
2. "ముహుర్ముహుర్లుఠ". రెండు హు లూ గురువులుగానే పెట్టారు. సరే.
3. "తరంగ మృదంగ". మృ ముందున్న గ గురువా? మృలో ఉన్నది ఋత్వం, అది అచ్చు, సంయుక్తాక్షరం కాదు. గ లఘువే.
4. చివరి మాట "నిస్వన". ని గురువు, స్వ లఘువు, న లఘువు. కావలసింది ర గణం, UIU. న గురువు కావాలి. ఎలా అవుతుంది?

అయిదో దశలో "చుట్టము, మ్రొక్కిన" గురించి రాసుకున్న పిల్ల నోట్సు తీసి, తర్వాతి పాదం మొదటి అక్షరం చూసింది. "స్ఫు". "ఇది సమాసం సార్, ఆగలేదు. నిస్వనస్ఫుట." న లఘువు బిళ్ళ తీసి గురువు పెట్టింది. 70.0.

అప్పుడు అర్థం మళ్ళీ మాట్లాడుకున్నాం, ఈసారి పిల్లలే చెప్పారు. కొండ మీది సెలయేళ్ళ అలలు మద్దెలల్లా మోగుతున్నాయి, ఆ మోతకు తగ్గట్టు నెమళ్ళు పురి విప్పి ఆడుతున్నాయి. మోత ఒక పాదంలో, ఆట తర్వాతి పాదంలో. మధ్యలో సమాసం తెగకుండా సాగింది కాబట్టే "న" బరువెక్కింది. పాదం చివర ఊపిరి పీల్చుకుంటే మద్దెలకూ నెమలికీ మధ్య తెగిపోతుంది. ఊపిరి ఆపకుండా నాలుగు పాదాలూ చదవడానికి పోటీ పడ్డారు. ఇద్దరు చదవగలిగారు. నేను చాలా ఏళ్ళుగా ఈ పద్యం చెబుతున్నాను. ఒక మాత్ర కోసం ఇంతసేపు వెతికిన తరగతిలో దాన్ని విన్నంత ఆనందం నాకు ఇంతకు ముందు కలగలేదు.

గణవిభజన అయిన పద్యాలు: 23 (ఆటవెలది 9, కందం 7, వృత్తాలు 7).

దశ 8: సొంత పద్యం, యతికి మూత

ఇంటర్ చదివే ఒక అబ్బాయి ఎండిన పెన్న మీద ఆటవెలది రాసుకొచ్చాడు. మొదటి రెండు పాదాలు ఇలా ఉన్నాయి:

ఎండ కాచె నేడు ఏటిలో నీరేది
ఇసుక మీద నడక కాలు కాలె

బిళ్ళలు పేరిస్తే 47.5, 37.5. కొలత తప్పలేదు. "యాడా తప్పు లేదు సార్, కానీ వింటాంటే ఏదో అడ్డం పడుతోంది" అన్నాడు తనే. రెండు అడ్డాలు. "నేడు ఏటిలో" అని విడిగా పలకడం పద్యంలో కుదరదు, సంధి జరిగి "నేడేటిలో" అవుతుంది, అప్పుడు ఒక బిళ్ళ పోతుంది. రెండో పాదంలో యతి లేదు: ఇ, కా కలవవు. మన పెట్టె పొడవును చూపిస్తుంది గానీ యతిని చూపించదు. ఇది పెట్టెలోని లోటు.

మార్పు: సోడా సీసా మూతలు రెండు. ఒకటి పాదం మొదటి అక్షరం మీద, రెండోది యతిస్థానంలో ఉన్న అక్షరం మీద. ఆటవెలదికి నాలుగో గణం మొదటి అక్షరం, ఉత్పలమాలకు పదో అక్షరం, చంపకమాలకు పదకొండోది. మూతలు పెట్టాక ఆ రెండు అక్షరాలూ గట్టిగా పలకాలి. కలిస్తే మూతలు తీయాలి, లేకపోతే అక్కడే ఉంచాలి.

మూతలు ఉండిపోయిన పాదాలు ఇంటికి తీసుకెళ్ళి దిద్దుకొచ్చాడు:

ఎండ కాచుచుండ నేటిలో నీరేది
పెన్న నడుమ నేడు పిల్లలాట
వాన కురిసినపుడు వంతెనపై నుండి
నీళ్ళు చూడ జనము నిండు నచట

47.5, 37.5, 45, 37.5. మూతలన్నీ లేచాయి: ఎ, (న)ఏ, పె, పి, వా, వం, నీ, ని. నాలుగు కొలతలూ "ఉప్పుకప్పురంబు" పద్యం కొలతలే అని ఒక పాప పాత నోట్సు తెచ్చి చూపించింది. గణాలు అన్నీ అవే కావు, పొడవులు మాత్రం అవే. ఇసుక మీద కాలు కాలడం పోయి పిల్లలాట రావడం యతి కోసం జరిగింది. నాకైతే పద్యం దానివల్లే బాగుపడిందనిపిస్తుంది. నీళ్ళు లేని ఏట్లో ఆడుకునే పిల్లలు, నీళ్ళొస్తే వంతెన మీద గుంపుకట్టే జనం. పెన్న తెలిసినవాళ్ళకు ఇంకేం చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మిగతావాళ్ళు కూడా రాస్తున్నారు. ఆదివారం తలుపు తీసేసరికి మెట్ల మీద కాగితాలు పట్టుకుని కూర్చునే ఉంటున్నారు.

మొత్తం ఇప్పటికి: ఖర్చు 1,670 రూపాయలే (మూతలు పక్క కొట్టు ఆయన ఊరికే ఇచ్చాడు). పిల్లల సొంత పద్యాలు 5, అందులో మూతలన్నీ లేచినవి 2.

తర్వాత: సీసం

ఇక సీసపద్యం అడుగుతున్నారు. పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. చిన్నదైతే 30 మాత్రలు, 75 సెంటీమీటర్లు. పెద్దదైతే 36 మాత్రలు, 90 సెంటీమీటర్లు. నాలుగు పాదాల కింద తేటగీతో ఆటవెలదో ఉండాలి. చేయాల్సినవి:

1. పేర్చే అంచు 50 సెంటీమీటర్లది పనికిరాదు. మీటరు పొడవు అంచు ఒకటి. వృత్తాలకు ఇప్పటిదాకా రెండు అంచులు కలిపి పెట్టుకున్నాం, అతుకు దగ్గర బిళ్ళ ఎత్తుపల్లాలు పడుతోంది.
2. ఇంకో 60 గురువులు. రంపం కోతతో కలిపి సుమారు 3.2 మీటర్ల బద్ద.
3. సీసపాదం నాలుగో గణం దగ్గర రెండుగా విరుగుతుంది, ఒక్కో సగానికి యతి విడిగా ఉంటుంది. కాబట్టి పాదానికి నాలుగు మూతలు.

బద్దలకు వడ్రంగికి చెప్పాం. ఈసారి బిళ్ళల్ని కోయించేటప్పుడు ఇద్దరు పిల్లలు వెంట వస్తామన్నారు, అడ్డం బిగించే పని తామే చేస్తారట.